‘ది అపార్ట్‌మెంట్’ గురించి సిట్టింగ్స్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

చాలా ఏళ్లుగా సినిమా కథల దగ్గర కూర్చుంటున్నాను. తెరమీద పేరు పడినవి తక్కువ, పడనివి ఎక్కువ, అది వేరే గోల. ఆఫీసులో జరిగే లవ్ స్టోరీ అనగానే సిట్టింగ్‌లో, అంటే కథ చర్చల్లో, ఎవరో ఒకరు 1960లో బిల్లీ వైల్డర్ తీసిన ‘ది అపార్ట్‌మెంట్’ పేరెత్తుతారు. అలా ఎత్తినవాళ్లలో సగం మంది దాన్ని చూసి ఉండరు. ఇక్కడ కథ చివరిదాకా చెప్పేస్తున్నాను, కాబట్టి చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

అపోహ: రొమాంటిక్ కామెడీయే కదా, కాసేపు నవ్వుకుని లేచి రావచ్చు.

వాస్తవం: న్యూయార్క్‌లో 31,259 మంది పనిచేసే ఇన్సూరెన్స్ కంపెనీ. అందులో బాక్స్‌టర్ (జాక్ లెమన్) వారానికి 94 డాలర్ల 70 సెంట్ల జీతగాడు. పై ఆఫీసర్లు ఇంట్లో తెలియకుండా ఆడవాళ్లతో గడపడానికి తన ఫ్లాట్ తాళంచెవి వాళ్ల చేతిలో పెడతాడు, దానికి బదులు ప్రమోషన్ కోసం చూస్తుంటాడు. వాళ్లు లోపల, ఇతను వీధిలో చలికి ముక్కు కారుతూ. అతను మనసు పడ్డ లిఫ్ట్ ఆపరేటర్ ఫ్రాన్ (షర్లీ మెక్‌లేన్)ను పెద్ద బాస్ షెల్‌డ్రేక్ తీసుకొచ్చేది కూడా ఆ ఫ్లాట్‌కే. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆమె అక్కడే నిద్రమాత్రలు మింగుతుంది.

ఇందులో నవ్వెక్కడుంది అంటారా? పక్క ఫ్లాట్‌లో ఒక డాక్టరు ఉంటాడు. గోడవతల రోజూ వినిపించే సందడంతా బాక్స్‌టర్‌దే అనుకుని, చచ్చిపోయాక నీ శరీరాన్ని యూనివర్సిటీకి రాసివ్వవయ్యా అంటాడు. మనం పడీ పడీ నవ్వుతాం. మాత్రలు మింగిన రాత్రి ఫ్రాన్‌ని బతికించేదీ ఆ డాక్టరే, ఈ పిల్ల గతి ఇలా కావడానికి కారణం నువ్వేనని బాక్స్‌టర్‌ని అసహ్యించుకునేదీ ఆయనే. బాస్ పేరు బయటికి రాకుండా బాక్స్‌టర్ నోరు మూసుకుని ఆ నింద మోస్తాడు. అంటే మొదట్లో మనల్ని నవ్వించిన అపార్థమే ఇక్కడ మన గొంతుకు అడ్డం పడుతుంది, రచయితలు కొత్తగా ఏమీ తేలేదు. ఒకసారి నేను ఇలాంటి కథే నేరేట్ చేస్తే నిర్మాత అంతా విని ‘బాగుంది, మరి కామెడీ ట్రాక్ ఏది’ అన్నారు. విడిగా ట్రాక్ లేదండీ అని చెప్పలేక రెండు వారాలు కూర్చుని ఒకటి రాశాను. ఆ సినిమా మొదలు కాలేదు, కాకపోవడమే మంచిదైంది.

అపోహ: ఇలాంటి సినిమాలు డైలాగుల మీదే నడుస్తాయి.

వాస్తవం: వైల్డర్, ఐ.ఎ.ఎల్. డైమండ్ కలిసి రాసిన డైలాగులు గొప్పవే, కాదనను. కానీ అద్దం సీన్ చూడండి. ఫ్లాట్‌లో ఎవరో మరిచిపోయిన పౌడర్ డబ్బా బాక్స్‌టర్‌కి దొరుకుతుంది. లోపలి అద్దం పగిలి ఉంది. దాన్ని షెల్‌డ్రేక్‌కి తిరిగిచ్చేస్తాడు. తర్వాత ఆఫీసు క్రిస్మస్ పార్టీలో, ప్రమోషన్ వచ్చిన ఊపులో కొన్న కొత్త టోపీ ఎలా ఉందో చూసుకొమ్మని ఫ్రాన్ తన డబ్బా అందిస్తుంది. తెరుస్తాడు. అదే పగిలిన అద్దం, అందులో అతని మొహం రెండు ముక్కలుగా. బాస్ తీసుకొచ్చేది ఫ్రాన్‌నేనని తెలిసిపోయింది. ఏ అరుపూ లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు. అద్దం పగిలిందే అంటే, నాకలాగే ఇష్టం, నా లోపల ఎలా ఉందో అందులో అలాగే కనిపిస్తాను అంటుందామె. ఆ ఒక్క మాట అంత బరువుగా దిగడానికి కారణం, ఆ డబ్బాని ముందే ఒకసారి చేతులు మార్పించి ఉండటం. మనవాళ్లు సెట్ ప్రాపర్టీ అని ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి వదిలేసే వస్తువే ఇక్కడ సీన్ మొత్తాన్నీ మోసింది.

చివర్లో తాళంచెవి కూడా అంతే. ఫ్లాట్ తాళం ఇమ్మని బాస్ చెయ్యి చాస్తే బాక్స్‌టర్ ఆఫీసర్ల వాష్‌రూమ్ తాళం చేతిలో పెట్టి ఉద్యోగం వదిలేస్తాడు. (అక్కడో ఇంగ్లీషు శ్లేష ఉంది, తెలుగులోకి దించడం నా వల్ల కాలేదు.)

అపోహ: అప్పటికి కలర్ లేదు కాబట్టి బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు.

అంతకుముందు ఏడాది ఉత్తమ చిత్రం ఆస్కార్ కొట్టిన ‘బెన్ హర్’ కలరే కదా! ఇది కావాలని చేసింది, పైగా వైడ్ స్క్రీన్‌లో. రాత్రి పార్కులో ఖాళీ బెంచీల వరస, మధ్యలో ఒక్క మనిషి. ఆ వెడల్పు ఎందుకో అక్కడ తెలుస్తుంది.

అంతూ పొంతూ లేని ఆ ఆఫీసు హాలు చూసి ‘అంత సెట్ మనమెక్కడ వేస్తాం’ అనే వాళ్లూ ఉన్నారు. వాళ్లూ వేయలేదు. ఆర్ట్ డైరెక్టర్ అలెగ్జాండర్ ట్రౌనర్ వెనక్కి వెళ్లేకొద్దీ బల్లలు చిన్నవి చేసుకుంటూ పోయాడు, ఆ బల్లల దగ్గర కూర్చోబెట్టిన మనుషులు కూడా చిన్నవాళ్లే, మనం ముగ్ధులమైపోయాం అంతే. సినిమాకి వచ్చిన 5 ఆస్కార్లలో ఆర్ట్ డైరెక్షన్‌ది ఒకటి.

అపోహ: హీరో హీరోయిన్ కలిశారు కాబట్టి హ్యాపీ ఎండింగ్.

ఏమో, నాకు అంత నమ్మకం లేదు. కొత్త సంవత్సరం రాత్రి ఆమె పరుగెత్తుకుంటూ వస్తుంది. మెట్ల మీద ఉండగా పైన ఢామ్మని చప్పుడు, కాల్చుకున్నాడేమోనని మన గుండె ఆగుతుంది, తీరా చూస్తే షాంపేన్ సీసా మూత. అతనికి ఉద్యోగం లేదు, సామాను సర్దేసి ఉంది. ప్రేమిస్తున్నానని చెబుతాడు. ఆమె నేనూ అనదు, ముద్దు పెట్టదు. పేకముక్కలు అతని చేతికిచ్చి, నోర్మూసుకుని పంచమంటుంది.