గెలవాల్సిన మ్యాచ్ చేజారగానే క్యూ మార్చకండి: స్నూకర్‌లో ఒత్తిడిపై అపోహలు - వాస్తవాలు

3-1తో ముందున్న మ్యాచ్ 3-4తో పోతుంది. డిసైడర్‌లో, అంటే మ్యాచ్‌ని తేల్చే చివరి ఫ్రేమ్‌లో (ఫ్రేమ్ అంటే మ్యాచ్‌లో ఒక గేమ్), మిస్సయింది దూరం నుంచి పాకెట్‌లో వేసే లాంగ్ పాట్ కూడా కాదు. నల్లబంతి (బ్లాక్) తన గుర్తు (స్పాట్) మీదే ఉంది, తెల్లబంతి రెండడుగుల దూరంలో, దాదాపు సూటిగా. ప్రాక్టీసులో కళ్లు మూసుకుని వేసే షాట్. ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు టేబుల్ దగ్గరికి వచ్చేసరికి కుడికాలు రెండంగుళాలు జరిగి ఉంటుంది, పట్టు మారి ఉంటుంది. పది రోజుల్లో క్యూ కర్ర కొనమీది తోలుముక్క, అంటే టిప్, మారుతుంది, నెల తిరక్కుండా క్యూ కూడా. ప్రొఫెషనల్ టూర్‌లో అడుగుపెట్టి ఏడాది నిండని కుర్రాళ్లలో ఇది పదేపదే కనబడుతోంది. ఇది వాళ్ల కోసం, పక్కనుంచి వాళ్లకి సలహాలిచ్చేవాళ్ల కోసం కూడా.

అపోహ: ఒత్తిడిలో మిస్సయ్యారంటే టెక్నిక్‌లో ఎక్కడో లోపం ఉంది

వాస్తవం: చాలాసార్లు లేదు. లేని లోపాన్ని సరిచేయబోయి ఉన్న ఆటని పాడుచేసుకోవడమే ఈ ఆటలో అందరికంటే ఎక్కువగా కుర్రాళ్లని ముంచుతోంది.

ఏం జరుగుతుందో చూడండి. ఏళ్ల తరబడి సాధన చేసిన స్ట్రోక్ తనంతట తాను నడుస్తుంది. చెయ్యి ఏం చేస్తోందో మనసు పట్టించుకోదు. ఫ్రేమ్ విలువ పెరిగేసరికి మనసు వచ్చి చేతికి కాపలా కాస్తుంది. ముందుగా గ్రిప్ బిగుస్తుంది. గ్రిప్ బిగిస్తే బ్యాక్‌స్వింగ్ కురచబడుతుంది, ఆ తగ్గిన దూరాన్ని పూడ్చడానికి భుజం అందుకుంటుంది, క్యూ వెనక భాగం పైకి లేస్తుంది, టిప్ తెల్లబంతిని మధ్యలో కాకుండా కాస్త పక్కన తాకుతుంది. అడగని సైడ్, అంటే పక్కకి తిప్పే స్పిన్, వచ్చి చేరుతుంది. ఇంకోపక్క బంతి పడిందో లేదో చూడాలన్న ఆత్రంలో తల ముందే లేస్తుంది.

దీనికి పెద్ద తప్పు అక్కర్లేదు. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. సూటిగా ఉన్న పాట్‌లో తెల్లబంతి తాకాల్సిన చోటుకి ఒక్క మిల్లీమీటరు పక్కన తాకితే, ఆరడుగుల అవతల పాకెట్ దగ్గరికి చేరేసరికి ఆ తేడా మూడు సెంటీమీటర్లు దాటుతుంది. వేళ్లు కాస్త బిగిస్తే చాలు, అంత తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడు స్టాన్స్ (నిలబడే తీరు) మార్చారనుకోండి. కొత్త స్టాన్స్ ఒంటబట్టేదాకా వారాల తరబడి ప్రతి షాట్‌కీ కాళ్ల గురించి ఆలోచించాలి. అసలు సమస్యే ఆలోచన ఎక్కువవడం. దానికి మరింత ఆలోచన తోడుచేయడం అగ్నికి ఆజ్యం పోయడమే. కొత్త క్యూ అయితే సైడ్ పెట్టినప్పుడు తెల్లబంతి పక్కకి వెళ్లే తీరు మారిపోతుంది, పాత అంచనాలేవీ పనికిరావు. కొత్త టిప్ కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇలా మ్యాచ్‌లో మాత్రమే మిస్సయ్యేవాడు ప్రాక్టీసులోనూ మిస్సవడం మొదలుపెడతాడు. అప్పుడు పుట్టే అనుమానం నిజమైన అనుమానం, అది అంత తేలిగ్గా పోదు.

కాబట్టి ఏదైనా మార్చేముందు పరీక్ష పెట్టుకోండి. క్యూ జాయింట్ వదులైందా, ఫెర్రూల్ (టిప్ కింది తొడుగు) కదులుతోందా, టిప్ అంచులు పొంగాయా, ముందు ఇవి చూడండి. ఐదు నిమిషాల పని. తర్వాత తెల్లబంతిని బ్రౌన్ స్పాట్ మీద పెట్టి, బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా అవతలి అంచుకి (టాప్ కుషన్) కొట్టండి. సైడ్ లేకుండా కొడితే అది అదే దారిలో వెనక్కొచ్చి టిప్‌కి తగులుతుంది. ఇరవై సార్లు కొట్టి ఎన్ని తిరిగొచ్చాయో రాసుకోండి. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. ఇది ప్రశాంతంగా ఉన్నప్పటి లెక్క.

రెండోసారి ఇదే పరీక్ష వేరుగా. పది నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోండి, ఫోన్ చూడొద్దు. ఎవరినైనా పక్కన నిలబెట్టండి. మొదటి లెక్కకి తగ్గితే ఆ రోజుకి ప్రాక్టీసు బంద్ అని ముందే ఒప్పుకోండి, మాట మీద నిలబడండి. మళ్లీ ఇరవై కొట్టండి. మూడు వేర్వేరు రోజులు ఇలా చేయండి, ఒక్కరోజు లెక్క మోసం చేస్తుంది. రెండుసార్లూ ఒకేలా చెడితే అది టెక్నిక్, కోచ్‌తో కూర్చోండి. మొదటిది బాగుండి రెండోది చెడితే స్టాన్స్ జోలికి, క్యూ జోలికి వెళ్లకండి. అక్కడ బాగుచేయాల్సింది రొటీన్.

రొటీన్ అంటే పైపై అలవాటు అనుకోవద్దు. నిలబడి ఉండగానే నాలుగు విషయాలు తేలిపోవాలి: ఏ బంతి ఏ పాకెట్‌లోకి, తెల్లబంతి ఎక్కడ ఆగాలి, ఎంత వేగం, ఏ స్పిన్. తేలాక షాట్ గీత మీద కాలు వేసి నేరుగా దిగాలి. దిగాక కొత్త నిర్ణయాలు ఉండవు. ఫెదరింగ్ (కొట్టేముందు క్యూని ముందుకీ వెనక్కీ ఆడించడం) మూడంటే మూడే, నాలుగంటే నాలుగే, ఫ్రేమ్‌ని ఖాయం చేసే బంతికి కూడా అంతే. తెల్లబంతి దగ్గర టిప్ ఒక్క క్షణం ఆగాలి, నిదానంగా వెనక్కి లాగాలి, అప్పటికి చూపు పాకెట్‌లో వేయాల్సిన బంతి మీద నిలిచిపోవాలి. బిలియర్డ్స్ ఆటగాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో, పడిన షాట్లలో ఈ చివరి చూపు ఎక్కువసేపు నిలిచినట్టు తేలింది. కంగారు పడ్డవాళ్లలో మొదట కురచబడేదీ అదే. బంతి పాకెట్ చేరేదాకా గడ్డం క్యూ మీదనుంచి లేవకూడదు. గ్రిప్ బిగువుని పదికి మూడు దగ్గర ఉంచుకోండి, దిగేముందు ఒకసారి వేళ్లు వదిలి పట్టుకుంటే సరిపోతుంది.

దిగాక అనుమానం వస్తే లేచి నిలబడండి. ఆందోళనలో ఉన్నవాళ్లు చేయలేనిది సరిగ్గా ఇదే. జనం చూస్తున్నారని, రిఫరీ ఏమనుకుంటాడోనని అనుమానంతోనే కొట్టేస్తారు. లేవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ప్రాక్టీసులో రోజుకి పదిసార్లు కావాలనే దిగి, లేచి, మొదట్నుంచి మొదలుపెట్టండి. మ్యాచ్‌లో అదే వస్తుంది.

అపోహ: గంటలు పెంచితే భయం పోతుంది

రోజుకి ఆరు గంటలు లైనప్ (బంతుల్ని వరసగా పేర్చి వేసే సాధన) కొట్టేవాడికి ఇంకో రెండు గంటలు కలిపితే వచ్చేది నడుం నొప్పే. లైనప్‌లో మిస్సయితే బంతులు మళ్లీ పేర్చుకుంటారు. మ్యాచ్‌లో కూర్చోవాలి. రోజూ ఒక గంట ‘ఒకే ఛాన్స్’ పద్ధతిలో ఆడండి: పది నిమిషాలు కుర్చీలో ఉండి లేచి, వార్మప్ లేకుండా అడ్డులేని ఒక ఎర్రబంతితో (రెడ్) బ్రేక్, అంటే మిస్సవకుండా వరసగా పాయింట్లు కూడబెట్టడం, మొదలుపెట్టండి. మిస్సయితే మళ్లీ కుర్చీ. గంటలో నాలుగైదు ఛాన్సులకి మించి రావు. ప్రతిదాని స్కోరూ రాయండి. సెషన్ చివర కలర్స్ క్లియరెన్స్ (ఆరు రంగు బంతుల్నీ వరసగా వేయడం), 27 పాయింట్లు, ఒక్కసారే. పడకపోతే ఆ రోజుకి అంతే, ఆ చేదుతోనే ఇంటికి వెళ్లాలి. మ్యాచ్‌లో ఎదురయ్యేది ఆ చేదే.

అపోహ: అవతలివాడు ఆడుతుంటే కుర్చీలో విశ్రాంతి

చాలా ఆటల్లో ప్రత్యర్థి మిమ్మల్ని ఇంతసేపు ఏమీ చేయనీయకుండా కూర్చోబెట్టడు. చేతులు చల్లబడతాయి, మనసు మాత్రం వెనక మిస్సుకి, ముందు ఓటమికి మధ్య ఊగుతుంటుంది. కుర్చీలోనూ పని పెట్టుకోండి. పాదాలు నేలకి ఆనించి, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మిగిలిన పాయింట్ల లెక్క ఒక్కసారే వేసుకోండి: మిగిలిన రెడ్లని ఎనిమిదితో గుణించి రంగు బంతుల 27 కలపండి. మూడు రెడ్లుంటే 51. లెక్క అయ్యాక స్కోర్‌బోర్డు వైపు చూడకండి. వేళ్లు తెరిచి మూస్తూ వెచ్చగా ఉంచుకోండి. వంతు రాగానే గబుక్కున వంగకండి, టేబుల్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి మరీ దిగండి.

అపోహ: ముందు నమ్మకం రావాలి, అప్పుడే గెలుపు

లూకా బ్రెసెల్ 2023కి ముందు ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్ వేదిక క్రూసిబుల్‌లో ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అదే టోర్నీ సెమీఫైనల్‌లో అతని ప్రత్యర్థి సి జియాహుయి, వయసు ఇరవై, క్రూసిబుల్‌లో మొదటిసారి. 14-5తో ముందున్నాడు. బ్రెసెల్ వరసగా 11 ఫ్రేములు గెలిచి, చివరికి 17-15తో మ్యాచ్ తీసుకుపోయాడు. తొమ్మిది ఫ్రేములు వెనకబడి క్రూసిబుల్‌లో గెలిచినవాళ్లు అంతకుముందు లేరు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అంతకంటే పెద్ద దెబ్బ ఊహించలేం, ‘ఇక లేవడు’ అనే మాటలు పుట్టడానికి అది చాలు. మరుసటి సీజన్‌లోనే అతను 2024 జర్మన్ మాస్టర్స్ ఫైనల్ ఆడాడు.

నమ్మకం లేని రోజు కూడా మూడు ఫెదరింగులు చేయొచ్చు, చూపు నిలపొచ్చు, అనుమానం వస్తే లేవొచ్చు. ‘నేను గెలుస్తాను’ అని అద్దం ముందు వందసార్లు అనుకోవడం కంటే ఇవి చేయడం సులువు. చేశారో లేదో మ్యాచ్ అయ్యాక తేల్చుకోనూవచ్చు.

అపోహ: ర్యాంకింగ్ లెక్క తెలిస్తే కసి పెరుగుతుంది

టూర్ కార్డు (ప్రొఫెషనల్‌గా ఆడే అర్హత) ఇచ్చేది రెండేళ్ల గడువుతో. కొత్తవాళ్లు సున్నా నుంచి మొదలవుతారు, రెండేళ్లలో గెలిచిన ప్రైజ్‌మనీయే ర్యాంకు. గడువు ముగిసేసరికి మొదటి 64లో లేకపోతే, ఒక్క ఏడాది ప్రైజ్‌మనీ జాబితా ద్వారా కొద్దిమందికి దక్కే అవకాశం తప్ప, మళ్లీ క్యూ స్కూల్ అనే అర్హత టోర్నీ గుమ్మం ఎక్కాలి. ప్రయాణాలు, బస ఖర్చులు సొంతవి. ఈ భారం నిజమైనది, భయపడటంలో తప్పులేదు. కానీ ప్రతి మ్యాచ్ తర్వాతా ప్రొవిజనల్ (తాత్కాలిక) ర్యాంకు తెరిచి చూసుకుంటే తర్వాతి పింక్ బంతికి ఒక ధర అంటుకుంటుంది. నెలకి ఒక రోజు పెట్టుకుని, ఇంట్లోవాళ్లతోనో మేనేజర్‌తోనో కూర్చుని లెక్క చూడండి. మిగతా రోజుల్లో ఆ లెక్క వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

మిగతావి త్వరగా. చెయ్యి వణక్కుండా ఉండే మాత్ర అంటూ చెవిలో చెప్పేది బీటా బ్లాకర్ల (గుండె వేగాన్ని తగ్గించే మందుల) గురించి. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) జాబితా ప్రకారం బిలియర్డ్స్ క్రీడల్లో పోటీ సమయంలో అవి నిషిద్ధం. వైద్య అవసరానికి వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌తో మాట్లాడి, అనుమతి ప్రక్రియ తెలుసుకోవాలి. ‘ఇరవై దాటితే అంతే’ అనేవాళ్లకి స్టూవర్ట్ బింగామ్ ఉన్నాడు: 1995లో ప్రొఫెషనల్ అయ్యాడు, 2015లో ముప్పై ఎనిమిదేళ్లకి ప్రపంచ ఛాంపియన్. ఇక యిప్స్, అంటే కొట్టే క్షణంలో క్యూ ముందుకి సాగక ఆగిపోవడం, పిరికితనం కాదు. ఏడుసార్లు ఛాంపియన్ అయిన స్టీఫెన్ హెండ్రీ తన కెరీర్ చివరి ఏళ్లు దానితోనే పోరాడానని బాహాటంగా చెప్పాడు. నెలల తరబడి ప్రాక్టీసులోనూ క్యూ ఆగిపోతుంటే అది మామూలు ఒత్తిడి కాదు, దానికి వేరే చికిత్స కావాలి.

‘మానసిక నిపుణుల దగ్గరికి బలహీనులే వెళ్తారు’ అన్నది మాత్రం వెంటనే మానేయాల్సిన మాట. రోనీ ఓసలివన్ 2011 నుంచి సైకియాట్రిస్ట్ స్టీవ్ పీటర్స్‌తో పనిచేశాడు, 2012, 2013ల్లో వరసగా ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. నాలుగుసార్లు ఛాంపియన్ అయిన మార్క్ సెల్బీ 2022లో తన కుంగుబాటు గురించి బయటికే చెప్పాడు. ఓడిన బాధ కొన్ని రోజులకి పలచబడుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగ్గా లేకపోతే, గెలిచిన రోజు కూడా ఏమీ అనిపించకపోతే, క్యూ కేస్ తెరవబుద్ధి కాకపోతే అది ఫామ్ సమస్య కాదు, డాక్టర్‌ని కలవాలి. తనని తాను గాయపరుచుకునే ఆలోచన గురించి కుర్రాడు నోరు తెరిచి చెబితే, తర్వాతి టోర్నీ ఎంట్రీ సంగతి పక్కనపెట్టి అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఒంటరిగా వదలకండి.