కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందా?

అటక మీది ట్రంకు పెట్టె దించితే సివిల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది నోట్సు దొరికింది. ఒక పుట అంచున పెన్సిలుతో నేనే రాసుకున్న ప్రశ్న: "కాంక్రీటు ఎండితేనే గట్టిపడేదైతే, బలం పరీక్షించే దిమ్మలను 28 రోజులు నీటి తొట్టిలో ఎందుకు ఉంచుతున్నాం?" ఇల్లు కట్టుకునేవారు నన్ను అడిగే సందేహాల్లో సగం ఈ ప్రశ్న దగ్గరే తీరిపోతాయి.

అపోహ: స్లాబు ఎంత ఎండితే అంత గట్టి.

వాస్తవం: ఇది మట్టిగోడ ఆరడం లాంటిది కాదు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. వంతెన పునాదుల్లో నీటి అడుగున పోసిన కాంక్రీటు కూడా అలాగే బిగుస్తుంది. ఈ చర్య రోజుల తరబడి సాగాలి. తడి ఆరిపోతే మందగించి ఆగిపోతుంది. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, బొగ్గు బూడిద కలిసే పీపీసీ (పోజొలానా పోర్ట్‌ల్యాండ్ సిమెంటు) రకానికి కనీసం 10 రోజులు ఎడతెగని తడి ఉండాలి. మన ఎండాకాలంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. ఉదయం, సాయంత్రం పైపుతో కొట్టి వదిలేస్తే మధ్యాహ్నానికి ఆ తడి నిలవదు. స్లాబు మీద మళ్లు కట్టి నీరు నిలపండి. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి తడుపుతూ ఉండండి. ఇంటి బరువంతా మోసేవి అవే, అందరూ మరిచిపోయేవీ అవే. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: అయితే కలిపేటప్పుడే నీళ్లు ఎక్కువ పోస్తే మంచిది.

వాస్తవం: కలిపే నీరు వేరు, పోసిన తర్వాత పట్టే నీరు వేరు. కలిపేటప్పుడు ఎక్కువైన నీరు తర్వాత ఆవిరై లోపల సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. బలం తగ్గుతుంది, తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది. నీరు పెరిగితే బలం తగ్గుతుందని అమెరికా ఇంజనీరు డఫ్ అబ్రమ్స్ 1918లోనే చూపారు. సిమెంటు బరువుతో పోల్చిన నీటి బరువు నిష్పత్తి 0.5 అంటే 50 కిలోల బస్తాకు 25 లీటర్లు. తడి ఇసుకలోని నీరూ ఆ లెక్కలోదే. పరచడం తేలికని పనివారు పలచగా కలపమంటారు. వారి శ్రమ నిజమే. దానికి మందు నీరు కాదు, నీరు పెంచకుండానే మిశ్రమాన్ని జారుడుగా చేసే ప్లాస్టిసైజర్ అనే రసాయనం. కాంక్రీటును అదిలించి లోపలి గాలిని బయటికి పంపే వైబ్రేటర్ కూడా తప్పక పెట్టించండి.

అపోహ: 53 గ్రేడు సిమెంటు ఎప్పుడూ 43 కంటే మేలు.

వాస్తవం: ఆ అంకె 28 రోజులకు సిమెంటు దిమ్మ తట్టుకోవలసిన కనీస ఒత్తిడి, మెగాపాస్కల్స్ అనే కొలమానంలో. ప్లాస్టరింగుకు అంత బలం అక్కరలేదు.