నాయనమ్మ మంచం ఎక్కడ వెయ్యాలి?

2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు వైపు భూమి కదిలినప్పుడు నల్లగొండలో మా వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. "పిల్లి దుంకిందేమో చూడు బిడ్డా" అంది నాయనమ్మ. తీవ్రత 5.3. అంత దూరానికీ తెలిసిందంటే కారణం మన కాళ్ల కింద ఉన్న రాయే. 250 కోట్ల ఏళ్ల నాటి గట్టి గ్రానైటు, అందులో పుట్టిన కదలిక తొందరగా చల్లారదు.

భూకంపంలో ముందొచ్చే పి తరంగం సెకనుకు 6 కిలోమీటర్లు పోతుంది, ఇంటిని అసలు ఊపే ఎస్ తరంగం మూడున్నర. భూకంపం 150 కిలోమీటర్ల అవతల పుడితే మధ్యలో 15, 20 సెకన్లు దొరుకుతాయి, ఊరికిందే పుడితే ఆలోచించే టైమే ఉండదు, కాబట్టి ఆ ఆలోచనేదో ఇప్పుడే చేసి పెట్టుకోవాలి.

మనది తక్కువ ప్రమాదం ఉన్న జోన్ కదా అంటారు. 1993లో మహారాష్ట్రలో లాతూర్ దగ్గరి కిల్లారి కూడా భూకంపాల మ్యాపులో అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్‌లోనే ఉంది. వినాయక నిమజ్జనం చేసి వచ్చి జనం పడుకున్నారు, సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3:56కి 6.2 తీవ్రతతో వచ్చింది. ములుగులో వచ్చినదానికి 20 రెట్లకు పైగా శక్తి. పది వేల మంది దాకా పోయారు. చంపింది భూమి కాదు, బురదతో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద అడుగుల మందాన మట్టి కప్పు. పాలమూరు పల్లెల్లో పాత మిద్దెలు చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అందుకే భూకంపం వస్తే "బల్ల కింద దూరండి" అని అంతటా చెప్పే సలహా అందరికీ ఒకటే కాదు. పిల్లర్లు వేసి కట్టిన స్లాబు ఇంట్లో అది సరైనదే, మెట్ల వైపు ఉరకొద్దు. మట్టి మిద్దెలో, తలుపు నాలుగడుగుల్లో ఉంటే బయటికి పోవడమే నయం, పిట్టగోడకూ కరెంటు తీగలకూ దూరంగా. ఇంకో సంగతి ఆ సలహా రాసినవాళ్లకు తట్టి ఉండదు: ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము, మోకాళ్లు పట్టేసిన మా నాయనమ్మ లాంటివాళ్లు బల్ల కింద ఎట్లా దూరతారు? వాళ్లు మంచంలోనే ఉండి దిండుతో తల, మెడ కప్పుకోవాలి. అంటే ఆ మంచం పైన సజ్జ ఉండొద్దు, పక్కన బీరువా ఉండొద్దు. మా ఇంట్లో సరిగ్గా రెండూ ఉన్నాయి. సజ్జ మీద ఇత్తడి గుండీలు, అంటే పెద్ద పాత్రలు, మూడు తరాలవి.

మిగతావి చిన్న పనులు. సిలిండర్ రెగ్యులేటర్, కరెంటు మెయిన్ ఆపడం పిల్లలకు కూడా చేయించి చూపాలి. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ ముట్టొద్దు. కరెంటు పోతే నల్లా రాదు, రెండు బిందెలు ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఫోన్లు జామ్ అయినప్పుడు కాల్ కలవకపోయినా మెసేజ్ పోవచ్చు, అందరూ ఒక్కరికే పంపాలి, ఆ మనిషి దూరపు ఊరివాడైతే మంచిది. మాకు భీవండిలో మేనమామ ఉన్నాడు.

గుండీలు దించాం, మంచం తలుపు వైపుకు జరిపాం. అక్కడ ఫ్యాను గాలి రావట్లేదని నాయనమ్మ రెండుసార్లు వెనక్కి జరిపించుకుంది, ఇప్పుడు ఫ్యానునే జరపాలని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాం.