గుర్రం దగ్గితే ముందు గడ్డిని చూడండి

పిల్లలూ,

మీ గుర్రం మేత తింటూ రెండు మూడు సార్లు దగ్గుతోందని, జలుబేమోనని రాశారు. జ్వరం ఉంటే, చిక్కటి చీమిడి కారుతుంటే దాన్ని మిగతా గుర్రాలకు దూరంగా కట్టి పశువైద్యుడిని పిలవాలి. మీరు రాసినట్టు అవేవీ లేకుండా దగ్గు వారాల తరబడి ఉంటే నా అనుమానం గడ్డి మీదికే పోతుంది.

మనకు ముక్కు దిబ్బడ వేస్తే నోరు తెరుస్తాం. గుర్రానికి ఆ వీలు లేదు, అది ముక్కుతోనే పీల్చాలి. ఊరికే నిలబడినప్పుడు కూడా నిమిషానికి సుమారు 60 లీటర్ల గాలి లోపలికి పోతుంది. అలాంటి ముక్కును గంటల తరబడి ఎండుగడ్డిలో దూర్చి ఉంచుతుంది.

ఒక పని చేయండి. గుప్పెడు గడ్డి తీసుకుని, కిటికీలోంచి పడే ఎండలో దులపండి. పొగలా లేచేదాంట్లో ధూళితో పాటు కంటికి ఆనని బూజు రేణువులు కూడా ఉంటాయి. ఇది పడని గుర్రానికి ఊపిరి గొట్టాలు వాచి, బిగుసుకుపోయి, లోపల కఫం చేరుతుంది. మనుషుల ఉబ్బసం లాంటిదే కాబట్టి వైద్యులు కూడా దీన్ని గుర్రాల ఉబ్బసమనే అంటున్నారు.

నేను పెంచిన ఒక ఆడగుర్రానికి పక్కటెముకల కింద ఏటవాలుగా ఒక గీత పడింది. వయసు పైబడి చిక్కిందనుకున్నాను. నిజానికి ఊపిరి బయటికి నెట్టలేక, ప్రతిసారీ పొట్ట కండరాలతో తోసి తోసి, ఆ కండ లావెక్కి గీత కట్టింది. అంతకు చాలా ముందే అది దగ్గింది, నేను పట్టించుకోలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు గడ్డిని పూర్తిగా నీళ్లలో ముంచి, అరగంట నానబెట్టి, నీరు కారిపోయాక తడి ఆరకముందే పెట్టండి. మిగిలింది పారేయండి, వేడికి పులిసిపోతుంది. మేత నేల మీదే పెట్టాలి, తల వంచి తింటే కఫం కిందికి జారుతుంది. సాల ఊడ్చేటప్పుడు గుర్రం బయట ఉండాలి. పక్క గదిలో గుర్రానికి పొడిగడ్డి వేస్తే మీ శ్రమంతా వృథా, ఎందుకంటే ఆ రెండూ పీల్చేది ఒకే గాలి. ఒకసారి నేల దగ్గర కూర్చుని వాసన చూడండి. మూత్రం ఘాటుకు మీ కళ్లు మండితే దాని ఊపిరితిత్తులూ మండుతున్నట్టే.

వీలైనంత సేపు ఆరుబయట వదలడమే అన్నిటికన్నా మేలు. అయితే కొన్ని గుర్రాలకు వేసవిలో పచ్చిక బయళ్ల పుప్పొడే పడదు. వాటికి ఆ కాలంలో సాలే నయం.

మందులున్నాయి. ముక్కుకు తొడుగు పెట్టి పీల్పించేవీ ఉన్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్లను మాత్రం వైద్యుడు చెప్పకుండా ముట్టుకోవద్దు, కొన్ని గుర్రాలకు వాటివల్ల గిట్టలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా ధూళి అలాగే ఉంటే మందు ఆపగానే దగ్గు తిరిగి వస్తుంది. ఈ జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. గాలి బాగుపడ్డాక కూడా తేడా కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో ఒక్కరోజు బూజుగడ్డి పెట్టినా మళ్లీ మొదటికి వస్తుంది.

రేపు పొద్దున అది ప్రశాంతంగా నిలబడినప్పుడు డొక్కల కదలిక చూస్తూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. 8 నుంచి 16 మధ్య ఉండాలి. విశ్రాంతిగా ఉండి కూడా ముక్కుపుటాలు విప్పార్చి ఎగపోస్తుంటే ఆ రోజే వైద్యుడికి చూపించండి. లెక్క ఎంత వచ్చిందో నాకు వెంటనే రాయండి.

మీ తాతయ్య