చాట్‌బాట్ టూల్‌ని సులువు చేయడం: అపోహలు – వాస్తవాలు

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్ళలో ఏ కొట్టుకి వెళ్ళినా బోర్డు మీద వాట్సాప్ నంబరు ఉంటుంది. పట్టుచీరల షాపు, స్కానింగ్ సెంటర్, కోచింగ్ సెంటర్, ట్రావెల్స్ ఆఫీసు... ఎక్కడైనా రోజంతా అవే ప్రశ్నలు. ఎప్పుడు తెరుస్తారు? రేటెంత? డాక్టరుగారు ఇవాళ ఉన్నారా? అందుకే మెసేజ్‌లకి తనంతట తానే జవాబిచ్చే చాట్‌బాట్ పెట్టుకుందామనుకునేవాళ్ళు పెరుగుతున్నారు. ఆ బాట్‌లని తయారుచేసే టూల్‌ని డిజైన్ చేయడం నా పని. ప్రోగ్రామర్ల కోసం పుట్టిన ఒక చిక్కు టూల్‌ని, కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి కూడా వాడగలిగేలా మా టీమ్ మారుస్తోంది. ఈ పని మీద పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు మా రంగంలోవాళ్ళ నోటి నుంచి కూడా వింటుంటాను. వాటి గురించే ఇది.

అపోహ: స్క్రీన్ మీద బటన్లు తగ్గిస్తే టూల్ సులువైపోతుంది

అందరికంటే ముందు ఈ సలహానే వస్తుంది. పాత టూల్ తెరవగానే ఇంటెంట్లు, ఎంటిటీలు, స్లాట్లు, వెబ్‌హుక్‌లు వరసగా ఎదురయ్యేవి. అడిగే మనిషి ఉద్దేశం ఇంటెంట్. ఆ మాటలో ఉన్న తేదీ, రంగు, ఊరు లాంటి వివరం ఎంటిటీ. బాట్ అడిగి రాబట్టి నింపుకోవాల్సిన ఖాళీ స్లాట్. వేరే కంప్యూటర్‌ని అడిగి సమాచారం తెచ్చే దారి వెబ్‌హుక్. ఇవన్నీ బాట్‌కి నిజంగానే కావాలి. సగం తీసి ఏదో మెనూలో దాచినంత మాత్రాన వాటి అవసరం పోదు. వాడేవాళ్ళు నేర్చుకోవడంతో పాటు వెతుక్కోవాల్సి కూడా వస్తుంది.

ఎన్ని బటన్లు ఉన్నాయన్నదాని కంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది పెద్ద విషయం. మెషీన్‌కి ఏం కావాలో పాత టూల్ ముందు అది అడిగేది. షాపులో మనిషి ఆలోచన అలా నడవదు. “జనం ఏం అడుగుతారు? నేనేం చెప్తాను?” అక్కడ మొదలవుతుంది. అందుకని కొత్త డిజైన్‌లో మొదటి పేజీలో ఒక ఖాళీ పెట్టె మాత్రం ఉంటుంది. మీకు వాట్సాప్‌లో వచ్చిన పాత ప్రశ్నలు, పేర్లూ నంబర్లూ తీసేసి, అందులో వేయండి. ఒకేలాంటి ప్రశ్నలని టూల్ గుంపులు కడుతుంది. ఒక్కో గుంపుకి మీరు జవాబు రాస్తారు. ఇంటెంట్లు లోపల వాటంతటవే తయారవుతాయి. “బుధవారం డాక్టరుగారు ఉంటారా?” అన్న ప్రశ్న కనిపిస్తే, ఇక్కడ రోజుని బట్టి జవాబు మారాలా అని టూలే అడుగుతుంది.

కట్, కాపీ, పేస్ట్‌ని మనకి అలవాటు చేసినవాళ్ళలో ఒకరైన లారీ టెస్లర్ ఒక సూత్రం చెప్పారు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కొంత చిక్కు ఎలాగూ ఉంటుంది, దాన్ని వాడేవాళ్ళు మోయాలా, తయారుచేసేవాళ్ళు మోయాలా అన్నదే ప్రశ్న. మా టీమ్‌లో వాదన ముదిరినప్పుడల్లా నేను ఈ సూత్రం దగ్గరికే వస్తాను.

కొన్నిటిని దాచితే నష్టం కూడా. బాట్‌లు నడిచే వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్‌లో కస్టమరు ఆఖరి మెసేజ్ పెట్టిన 24 గంటల లోపే మనం ఇష్టమొచ్చినట్టు రాయగలం. ఆ తర్వాత వాట్సాప్ దగ్గర ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ మెసేజ్‌లే వెళ్తాయి. “మీ చీర రెడీ అయింది” అని మూడో రోజు పంపాలనుకునే మనిషికి ఈ సంగతి ఆ మెసేజ్ రాసే చోటే కనపడాలి. సెట్టింగుల్లో ఎక్కడో ఉంటే, మెసేజ్ ఆగిపోయాక గానీ తెలియదు.

అపోహ: కోడ్ లేకుండా, పెట్టెలు లాగి బాణాలు కలిపితే చాలు

పది పెట్టెల వరకు ఇది బాగానే ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటుంది, డెమోలో అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత బాట్ పెరుగుతుంది. “మనిషితో మాట్లాడాలి” అన్న దారి ప్రతి పెట్టె నుంచీ ఉండాలి. “వెనక్కి వెళ్ళాలి” కూడా అంతే. కొన్నాళ్ళకి ఆ స్క్రీన్ చిక్కుపడ్డ నూలులా తయారవుతుంది, ఏ పోగు లాగితే ఏది కదులుతుందో కట్టినవాళ్ళకే తెలియదు.

అసలు కారణం మనుషుల మాట తీరులో ఉంది. స్కానింగ్‌కి టైము బుక్ చేసుకుంటూ, పేరు అడిగిన చోట “ఫీజు ఎంతండీ?” అంటారు. అది చెప్పగానే “పరగడుపున రావాలా?” అంటారు. ఆ తర్వాత పేరు చెప్తారు. బాణాలతో కట్టిన బాట్ “ఫీజు ఎంతండీ” అన్నదాన్నే పేషెంటు పేరుగా రాసుకుంటుంది. ఇలాంటివి నేను చాలా చూశాను. ప్రతిసారీ బాధపడేది ఆ పేషెంటే, ఎందుకంటే తప్పు తనదే అనుకుంటారు.

కొత్త డిజైన్‌లో వీటిని రెండుగా విడదీశాం. రేట్లు, వేళలు, అడ్రసు, మనిషిని పిలవడం లాంటివి ఎప్పుడు అడిగినా జవాబు వచ్చే వరసలో ఉంటాయి. జవాబు చెప్పి, ఆగిన చోటికి బాట్ తిరిగి వస్తుంది. బుకింగ్, ఆర్డరు లాంటి మెట్టుమెట్టు పనులకే బాణాలు. పక్కనే ట్రయల్ చాట్ ఉంటుంది. అందులో ఏ జవాబు మీద నొక్కినా అది ఎందుకు వచ్చిందో మామూలు మాటల్లో కనిపిస్తుంది. నా దృష్టిలో మొత్తం రీడిజైన్‌లో ఎక్కువ మేలు చేసేది ఇదే. బాట్ తప్పు చెప్పడం కంటే, ఎందుకు చెప్పిందో తెలియకపోవడమే మనిషికి ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

అపోహ: ఇంగ్లీషు బాట్‌ని తెలుగులోకి మార్చేస్తే మన ప్రాంతానికి సరిపోతుంది

గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చాయి. తెలుగు, ఒడియా ఒకే వీధిలో, చాలాసార్లు ఒకే ఇంట్లో వినిపిస్తాయి. బరంపురం చీరల షాపుకి ఒకే రోజు “రేటెంత”, “దామ్ కేతే”, “కిత్నా” మూడూ వస్తాయి, అవీ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో. “ఎప్పుడు” అన్న మాటని ఒకరు ఒక ‘పి’తో, ఇంకొకరు రెండు ‘పి’లతో రాస్తారు. చివర ‘యు’ పెట్టేవాళ్ళు కొందరు, రెండు ‘ఓ’లు పెట్టేవాళ్ళు కొందరు.

పాత టూల్‌లో ఒక్కో భాషకి ఒక్కో బాట్. ముందు “భాష ఎంచుకోండి” అంటుంది. కస్టమరు ఒడియా నొక్కి, తెలుగులో అడుగుతారు, అది ఒడియా బాట్‌కి అర్థం కాదు. ఇప్పుడు ప్రశ్న ఒక్కటే, దాని కింద అన్ని భాషల్లో జనం అడిగే తీరులు ఉంటాయి. ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు. రేటు మార్చితే ఒక్కచోటే మార్చాలి. తెలుగు జవాబు ఇంకా రాయకపోతే ఆ ఖాళీ ఎర్రగా కనిపిస్తుంది.

లిపితో ఇంకో ఇబ్బంది ఉంది. వాట్సాప్ మెసేజ్ కింద పెట్టే రిప్లై బటన్లు మూడే, ఒక్కోదాని మీద 20 క్యారెక్టర్లే. “స్త్రీ” మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. ఇంగ్లీషు బటన్‌ని అలాగే తెలుగు చేస్తే సగం మాట దగ్గరే చోటు అయిపోతుంది. అందుకే టైప్ చేస్తుండగానే ఎంత మిగిలిందో చూపిస్తున్నాం. పొట్టి మాట ఏది పెట్టాలో మాత్రం టూల్ చెప్పదు. అది ఆ షాపు మనిషికే బాగా తెలుసు. జవాబులు కూడా కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడతారో అలాగే రాయమని చెప్తాం. “దయచేసి మీ పేరును నమోదు చేయగలరు” కంటే “మీ పేరు చెప్పండి” హాయిగా ఉంటుంది.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇంక టూల్ ఎందుకు

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ మాట ఆగడం లేదు. దాని వెనక ఉండే పెద్ద భాషా మోడళ్ళు మా పనిలో చాలా బరువు తగ్గించాయి, అది నిజం. తప్పుల తడకగా టైప్ చేసిన ప్రశ్ననీ, మూడు భాషలు కలిసిన వాక్యాన్నీ అవి బాగానే పట్టుకుంటాయి. కానీ తెలియనిది కూడా తెలిసినట్టే, అదే నమ్మకంతో చెప్తాయి. ఫోడా అంచు పట్టుచీర రేటుని ఊహించి చెప్తే షాపుకి నష్టం. మందు మోతాదు ఊహించి చెప్తే ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి ఏ జవాబు అక్షరం మారకుండా వెళ్ళాలి, ఏది మోడల్ తన మాటల్లో చెప్పొచ్చు, ఎక్కడ నోరు మూసుకుని మనిషికి అప్పగించాలి అన్నవి షాపువాళ్ళే తేల్చాలి. అవి తేల్చుకునే చోటే టూల్. మేం ప్రతి జవాబు పక్కనా ఈ మూడు ఎంపికలు పెట్టాం. రేట్లు, ఆరోగ్యం, డబ్బు వాపసు విషయాలకి మొదటి ఎంపిక ముందే పెట్టి ఉంటుంది.

అపోహ: బాట్ అచ్చం మనిషిలా అనిపించాలి

అక్కర్లేదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ మనిషితో సంభాషించే ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ రాస్తే, జనం దానితో మనసు విప్పి మాట్లాడటం చూసి ఆయనే కలవరపడ్డారు. నేను బాట్‌ని అని మొదటి మెసేజ్‌లోనే చెప్పాలి. మా టూల్‌లో ఆ వాక్యాన్ని మార్చుకోవచ్చు, తీసేయడం కుదరదు.

అపోహ: సులువు చేస్తే అనుభవం ఉన్నవాళ్ళకి కష్టం

పాత స్క్రీన్లన్నీ ఒక మెట్టు లోపల అలాగే ఉన్నాయి. వాళ్ళ అసలు భయం వేరు, నడుస్తున్న బాట్‌లు ఆగిపోతాయేమో అని. అది న్యాయమైన భయం. ఏ పాత బాట్‌నీ దాని సొంతదారుని అడగకుండా కొత్త పద్ధతిలోకి మార్చకూడదు.

అపోహ: యూజర్ టెస్టింగ్ పెద్ద కంపెనీల వ్యవహారం

ఐదుగురి చేత వాడించి చూస్తే వాడకంలోని ఇబ్బందులు చాలావరకు బయటపడతాయని ఈ రంగంలో నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ ఐదుగురూ ఒకే రకం వాడకందారులై ఉండాలి. చీరల షాపువాళ్ళూ, క్లినిక్ రిసెప్షన్‌వాళ్ళూ వేర్వేరు రకాలు కాబట్టి విడివిడిగా కూర్చోబెట్టాలి. చేతికి ఫోనిచ్చి ఒక పని చెప్పాలి, అంతే. రెండేళ్ళకోసారి చైత్రంలో బరంపురంలో బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర జరుగుతుంది. ఆ రోజుల్లో కొట్ల వేళలు మారిపోతాయి. “యాత్ర అయ్యేదాకా సాయంత్రం ఐదింటికే మూసేస్తారని బాట్‌కి చెప్పండి” అని అడిగి, మనం మాట్లాడకుండా చూడాలి. మేం అలా చూసినప్పుడు వేళలు మార్చడం దగ్గర ఎవరూ పెద్దగా ఆగలేదు. మార్పుని అమల్లోకి తెచ్చే ‘పబ్లిష్’ బటన్ దగ్గర వేలు ఆగిపోయింది. “ఇది నొక్కితే మా కస్టమర్లందరికీ మెసేజ్ వెళ్ళిపోతుందా బాబూ?” అని ఒక పెద్దాయన అడిగారు. ఇప్పుడు ఆ బటన్ పైన ఒక పంక్తి ఉంది: “ఎవరికీ మెసేజ్ వెళ్ళదు. ఇకమీదట వేళలు అడిగినవాళ్ళకి కొత్త జవాబు వస్తుంది.” దాని కింద పాత జవాబు, కొత్త జవాబు పక్కపక్కన కనిపిస్తాయి.