తప్పులు తూచే పనిలో నిష్పాక్షికత: అపోహలు – వాస్తవాలు

ఫిర్యాదుల విచారణ, పనితీరు మదింపు, ప్రమాదాల సమీక్ష... పేరేదైనా చేసే పని ఇంకొకరి తప్పును తూచడమే. 'మనుషులన్నాక పక్షపాతం తప్పదు' అని కొందరు చేతులెత్తేస్తారు. 'నాకెవరి మీదా కక్ష లేదు, నా తీర్పుకు తిరుగులేదు' అని కొందరు ధీమాగా ఉంటారు. ఎక్కువ నష్టం రెండోవాళ్లతోనే.

అపోహ: మనసులో కక్ష లేకపోతే చాలు.

పక్షపాతానికి కక్షతో పనిలేదు. 1967లో మనస్తత్వవేత్తలు జోన్స్, హారిస్ చేసిన ప్రయోగంలో కొందరికి క్యూబా నేత కాస్ట్రోను సమర్థించే వ్యాసాలు, ఇంకొందరికి విమర్శించే వ్యాసాలు ఇచ్చి చదివించారు. ఏ పక్షాన రాయాలో రచయితకు ముందే చెప్పి రాయించారని తెలిసినా, సమర్థిస్తూ రాసినవారు నిజంగానే కాస్ట్రో వైపున్నారని పాఠకులు ఎక్కువగా అనుకున్నారు. చుట్టూ ఉన్న పరిస్థితిని వదిలేసి అంతా మనిషి స్వభావానికి అంటగట్టడం మన అలవాటు.

విచారణ నివేదికల్లో ఇది విశేషణాల రూపంలో దూరుతుంది. 'నిర్లక్ష్యంగా వ్యవహరించారు' అన్నది తీర్పు. 'తనిఖీ పట్టికలో 7వ గడి నింపలేదు' అన్నది ఆధారం. చిత్తుప్రతిలో విశేషణాలన్నీ కొట్టేసి చూడండి. ఏమీ మిగలకపోతే అక్కడ ఆధారమే లేదు. మిగిలిన ప్రతి వాక్యం పక్కనా ఆ షిఫ్టులో ఎంతమంది ఉన్నారు, ఏ ఆదేశం అమల్లో ఉంది, ఎంత సమయం దొరికింది అన్నవి రాయాలి.

అపోహ: జరిగిన నష్టాన్ని బట్టే తప్పు బరువు తెలుస్తుంది.

అన్నిటికన్నా మొండి అపోహ ఇదే. 1988లో బ్యారన్, హెర్షీ ఒక వైద్యుడు తీసుకున్న ఆపరేషన్ నిర్ణయాన్ని అంచనా వేయమన్నారు. వివరాలన్నీ ఒకటే, తేడా ఫలితంలోనే. రోగి బతికాడని చెప్పినప్పటి కంటే చనిపోయాడని చెప్పినప్పుడు అదే నిర్ణయానికి తక్కువ మార్కులు పడ్డాయి. ఫలితం తెలిశాక 'ఇది ముందే తెలియాల్సింది' అనిపించడాన్ని 1975లోనే ఫిష్‌హాఫ్ చూపించారు.

దీనికి విరుగుడు ఫైలును రెండుగా విడదీయడం. నిర్ణయం తీసుకున్న క్షణం వరకు ఉన్నదంతా మొదటి భాగం, తరువాత జరిగింది రెండోది. మొదటి భాగం చదివి అభిప్రాయం రాసి, సంతకం చేశాకే రెండోది తెరవాలి. తరచూ బెడిసికొట్టేది ఫైలు తయారీలోనే. తయారుచేసేవారికి ఫలితం తెలుసు కాబట్టి, తెలియకుండానే చివరికి నిజమని తేలిన హెచ్చరికలను మాత్రమే ఏరి పెడతారు. అందుకే ఆ వ్యవధిలో వచ్చిన సందేశాలన్నీ, పనికిరానివి కూడా, అదే వరుసలో ఉంచాలి. తరువాత అదే అనుభవం, అదే శిక్షణ ఉన్న ముగ్గురిని విడివిడిగా 'మీరైతే ఏం చేసేవారు?' అని అడగాలి. ముగ్గురూ అదే పని చేస్తామంటే, వెతకాల్సింది మనిషిలో కాదు, పని జరిగే పద్ధతిలో.

అపోహ: ఇద్దరి మాట కలిస్తే తిరుగులేదు.

100 ఫైళ్లలో ఇద్దరు పరిశీలకులు చెరో 90కి 'తప్పుంది' అని రాశారు, 84 ఫైళ్లలో మాట కలిసిందనుకోండి. వినడానికి బాగుంది. కానీ ఫైలు తెరవకుండా అదే నిష్పత్తిలో టిక్కులు పెట్టినా సగటున 82 కలుస్తాయి (0.9×0.9 + 0.1×0.1 = 0.82). కాకతాళీయంగా కలిసే ఆ 82 తీసేస్తే, మిగిలిన 18లో కలిసినవి 2 మాత్రమే, అంటే 0.11 (పూర్తిగా కలిస్తే 1). కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా లెక్క ఇదే. స్కోరు వేయకముందే ఇద్దరూ టీ తాగుతూ మాట్లాడుకున్నారంటే ఈ లెక్కకు కూడా అర్థం ఉండదు.

అపోహ: నా బలహీనతలు నాకు తెలుసు, సర్దుకుంటాను.

గురివింద సామెత ఊరికే పుట్టలేదు. 2002లో ప్రోనిన్ బృందం అడిగినప్పుడు, పక్షపాతాలు తమకంటే ఇతరులకే ఎక్కువని జనం చెప్పారు. 'నిష్పాక్షికంగా ఉండండి' అనే హితబోధ కూడా పనిచేయదు. 1984లో లార్డ్, లెపర్, ప్రెస్టన్ ఆ మాట చెప్పి చూస్తే ఫలితం కనబడలేదు. 'ఇదే ఆధారం అటువైపు తేలి ఉంటే దీనికి ఇంతే విలువ ఇచ్చేవాడినా?' అని ఆలోచించమన్నప్పుడు తేడా వచ్చింది. ఈ ప్రశ్న ఫారంలోనే ఉండాలి, జవాబు రాసేందుకు చోటుతో సహా.

అపోహ: అయితే అంతా ఎవరి అభిప్రాయం వారిదే.

కాదు. ఇందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఏం జరిగింది? ఏ నియమానికి విరుద్ధం? ఎంత గర్హనీయం? మొదటిదానికి ఎవరు చూసినా ఒకే జవాబు వచ్చేలా చేయవచ్చు. రెండోది, నియమం ముందే స్పష్టంగా రాసి ఉంటే చాలావరకు సాధ్యం. మూడోది విలువలకు సంబంధించినది, అంకెలు వేసినంత మాత్రాన వస్తునిష్ఠం అయిపోదు. డైవింగ్ పోటీల్లో ఏడుగురు జడ్జీలుంటే పై రెండు, కింది రెండు స్కోర్లు తీసేసి మధ్య మూడింటినే లెక్కిస్తారు. ఒక జడ్జి అభిమానం అలా కొట్టుకుపోతుంది గానీ, మంచి డైవ్ అంటే ఏమిటో ఆ లెక్క చెప్పదు. అందుకే మూడో ప్రశ్నకు జవాబును వేరే కాగితం మీద, కారణాలతో, రాసినవారి పేరుతో పెట్టాలి. అప్పీలులో మొదటి రెండు జవాబులను కదపకుండా దాన్నొక్కదాన్నే ప్రశ్నించే వీలుంటుంది.