అమెరికా కాంగ్రెస్‌లో కొలువు: జీతాలూ ఇంటర్న్‌షిప్‌లూ, అపోహలూ వాస్తవాలూ

అమెరికా కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఒక సభ్యుడి దగ్గర లెజిస్లేటివ్ అసిస్టెంట్‌గా (బిల్లుల మీద సభ్యుడికి సాయపడే ఉద్యోగిగా) పనిచేస్తున్నానని చెప్తే మనవాళ్లు అడిగేవి రెండే. "గవర్నమెంటు ఉద్యోగం కదా, జీతం బాగానే ఉంటుందా?" అనేది ఒకటి. "మా అమ్మాయికి అక్కడ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తారా?" అనేది రెండోది. రెండోది అడిగేవాళ్లు ముందు మొదటిదాని జవాబు వినాలి.

అపోహ: ప్రభుత్వోద్యోగం కాబట్టి జీతానికి ఒక స్కేలు ఉంటుంది.

వాస్తవం: ఫెడరల్ శాఖల్లో ఉద్యోగులకు గ్రేడ్లున్నాయి, ఇంక్రిమెంట్లున్నాయి. మాకు లేవు. ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులంటే 435 మంది యజమానులన్నమాట. ఒక్కొక్కరికీ ఏటా ఒక ఆఫీసు నిధి వస్తుంది. సిబ్బంది జీతాలు, నియోజకవర్గంలో ఆఫీసు అద్దె, ప్రయాణాలు, ఉత్తరాల ఖర్చు అన్నీ అందులోంచే. పర్మనెంటు సిబ్బంది 18 మందికి మించకూడదు. పార్ట్‌టైమ్ వాళ్లు, జీతం తీసుకునే ఇంటర్న్‌ల లాంటివాళ్లు ఇంకో నలుగురు ఉండొచ్చు. ఎవరికెంత ఇవ్వాలన్నది సభ్యుడి ఇష్టం. అందుకే పక్కపక్క గదుల్లో ఒకే పని చేసేవాళ్ల జీతాలు ఒక్కలా ఉండవు. దాచుకుందామన్నా దాగదు. మూడు నెలలకోసారి సభ ఖర్చుల లెక్క పేర్లతో సహా బయటికొస్తుంది, 2009 నుంచి ఆన్‌లైన్‌లో కూడా. ఇక ఉద్యోగ భద్రత సంగతంటారా? నవంబరులో మా సభ్యుడు ఓడిపోతే జనవరిలో మేమూ పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆ నిధిలో ఖర్చుకాని సొమ్ము ఖజానాకు తిరిగి పోతుంది. "ప్రజాధనం ఇంత మిగిల్చాను" అని దాన్ని గొప్పగా చెప్పుకునే సభ్యులు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. ఆ పత్రికా ప్రకటన రాసేది తక్కువ జీతానికి పనిచేసే ప్రెస్ అసిస్టెంటే.

అపోహ: డబ్బు చాలక తక్కువ ఇస్తున్నారు.

వాస్తవం: నన్నడిగితే అసలు కారణం భయం. సభ్యుల జీతం 2009 నుంచి 1,74,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. చట్టప్రకారం ఏటా దానంతట అది పెరగాల్సినదాన్ని వాళ్లే ఓటేసి ఆపుకుంటున్నారు. "తమ జీతాలు తామే పెంచుకున్నారు" అనే ఎన్నికల ప్రకటన ఎవరికి కావాలి? సిబ్బంది ఎంత సీనియరైనా సభ్యుడి కంటే ఎక్కువ తీసుకోకూడదన్న పద్ధతి అప్పట్లో ఉండేది కాబట్టి, పైన వాళ్ల జీతం బిగుసుకుంటే కింద మా మెట్లన్నీ బిగుసుకున్నాయి. ఈ ముడిని 2021 ఆగస్టులో స్పీకర్ నాన్సీ పెలోసీ విప్పారు. సిబ్బంది గరిష్ఠ జీతాన్ని సభ్యుల జీతంతో సంబంధం లేకుండా 1,99,300 డాలర్లు చేశారు. 2022లో ఆఫీసు నిధులు 21 శాతం పెరిగాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ప్రతినిధుల సభలో కనీస వార్షిక జీతం 45,000 డాలర్లయింది. అంతకుముందు ఫోన్లెత్తే స్టాఫ్ అసిస్టెంట్లు 30 వేల పైచిలుకుతో వాషింగ్టన్‌లో నెట్టుకొచ్చేవారు. రాత్రిళ్లు రెస్టారెంట్లలో పనిచేసినవాళ్లూ ఉన్నారు.

దీంతో సమస్య తీరిపోయిందనుకోకండి. ఆ కనీస జీతం స్పీకర్ ఉత్తర్వు, చట్టం కాదు. ఎగువ సభ సెనేట్‌కు అది వర్తించదు.

అపోహ: జీతం లేకుండా పనిచేయించుకోవడం చట్టవిరుద్ధం, కాంగ్రెస్ ఆ పని చేయదు.

వాస్తవం: చట్టం చేసేది ఎవరో మరచిపోతే ఎలా? కార్మిక చట్టాలను కాంగ్రెస్‌కూ వర్తింపజేస్తూ 1995లో ఒక చట్టం తెచ్చారు. కనీస వేతనం దగ్గరికొచ్చేసరికి అందులో ఇంటర్న్‌లను మినహాయించారు. అంతకుముందు ఇంటర్న్‌లకు డబ్బులిచ్చిన కాలమూ ఉంది. ఒక ప్రతినిధి దగ్గర కార్యదర్శిగా మొదలై అధ్యక్షుడి దాకా ఎదిగిన లిండన్ జాన్సన్ 1973లో చనిపోయాక, ఆయన పేరుతో ప్రతినిధుల సభ ఒక పథకం పెట్టింది. 1990ల మధ్యలో అదీ ఆగిపోయింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఇంటర్న్‌షిప్ అంటే ఎక్కువ ఆఫీసుల్లో ఉచిత సేవే. మళ్లీ 2018లో గానీ విడిగా నిధులు కేటాయించలేదు: ప్రతినిధుల సభకు 88 లక్షల డాలర్లు, సెనేట్‌కు 50 లక్షలు. ప్రతినిధుల సభలో ఆఫీసుకు ఏడాదికి 20,000 వచ్చింది. ఇంటర్న్‌లను ఏడాదికి మూడు విడతలుగా తీసుకుని, వేసవికి నలుగురు, మిగతా రెండు విడతలకూ ఇద్దరేసి అనుకుంటే ఒక్కొక్కరికి దక్కేది 2,500. ఆ మొత్తం తర్వాత పెరిగింది గానీ, ఇద్దరికే బాగా ఇవ్వాలా, ఆరుగురికి అంతంతమాత్రంగా పంచాలా అన్న తర్జనభర్జన ప్రతి ఆఫీసులోనూ ఉంది.

డబ్బుకు బదులు "కాలేజీ క్రెడిట్ వస్తుంది" అంటారు, అంటే ఆ పని డిగ్రీ చదువులో లెక్కకొస్తుందని. ఆ క్రెడిట్‌కు కాలేజీ ఫీజు తీసుకుంటే, పిల్లలు ఎదురు డబ్బిచ్చి పనిచేస్తున్నట్టే. ఇది తట్టుకోగలిగిన ఇళ్ల పిల్లలే ఇంటర్న్‌లవుతారు. ఖాళీ వస్తే ఇంటర్న్‌గా చేసినవాళ్లకే ముందు పిలుపు. నాలుగేళ్లు తిరిగేసరికి పేదలకు ప్రభుత్వమిచ్చే ఆహార కూపన్ల బిల్లు మీద సభ్యుడికి నోట్ రాసేది వాళ్లే. ఆ కూపన్లతో బతికిన ఇంటినుంచి వచ్చినవాళ్లు ఆ గదిలో ఎంతమంది ఉంటారంటారు?

అపోహ: ఇంటర్న్‌లు చేసేది కాఫీలు మోయడమే.

వాస్తవం: ఫోన్లు ఎత్తుతారు, ఉత్తరాలు వేరుచేస్తారు, సందర్శకులకు క్యాపిటల్ (కాంగ్రెస్ భవనం) తిప్పి చూపిస్తారు, కమిటీల విచారణలకు వెళ్లి నోట్స్ రాసుకొస్తారు. వాళ్లు రాకపోతే మా ఆఫీసు ఆ వారం నడవదు.

అపోహ: సిబ్బంది డబ్బాశతో లాబీయింగ్ సంస్థలకు (కంపెనీల తరఫున చట్టసభ్యుల్ని ఒప్పించే సంస్థలకు) వెళ్లిపోతారు.

వాస్తవం: కొందరు అలాగే వెళ్తారు, కాదనను. చదువు అప్పు తీరక, పిల్లలు పుట్టాక అద్దె కట్టలేక వెళ్లేవాళ్లే నాకు ఎక్కువ కనబడ్డారు. వెళ్లాక ఏడాదిపాటు తమ పాత ఆఫీసును లాబీయింగ్ కోసం కలవకూడదన్న నిబంధన, సభ్యుడి జీతంలో కనీసం 75 శాతం అందుకున్న సీనియర్లకే. నాలాంటివాళ్లు శుక్రవారం మానేసి సోమవారం అవతలివైపు కూర్చోవచ్చు. ఇక్కడ మిగిలినవాళ్లు వైద్యం, వ్యవసాయం, మాజీ సైనికులు అన్నీ ఒక్కరే చూస్తారు. 1995లో కమిటీల సిబ్బందిని మూడో వంతు తగ్గించి, సాంకేతిక విషయాల్లో సలహా ఇచ్చే సొంత కార్యాలయాన్నీ మూసేశాక, బిల్లులో ఒక క్లాజు అర్థంకాకపోతే అడగడానికి మిగిలింది తరచూ ఆ లాబీయిస్టే.

పిల్లల్ని పంపాలనుకునేవాళ్లు దరఖాస్తుకు ముందే ఆఫీసుకు ఫోన్ చేసి కొన్ని కనుక్కోండి: డబ్బు ఇస్తారా, వారానికా మొత్తానికా, ఎన్ని వారాలు, పార్ట్‌టైమ్ కుదురుతుందా. నియోజకవర్గంలోని ఆఫీసులోనూ ఇంటర్న్‌లను తీసుకుంటారు. ఇంట్లోనే ఉండి చేయొచ్చు, వాషింగ్టన్ అద్దె తప్పుతుంది. అక్కడ పెన్షన్లు, వీసాలు, పాస్‌పోర్టుల చిక్కులతో వచ్చే మనుషుల్ని నేరుగా చూస్తారు కాబట్టి, నా దృష్టిలో నేర్చుకునేదీ అక్కడే ఎక్కువ. వేసవికి చేరాలంటే చలికాలంలోనే దరఖాస్తు పంపాలి. నాకు ఫోన్ చేసినా ఇదే చెప్తాను, సిఫార్సు మాత్రం చేయను.